యూనిఫాం బట్ట

ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక, ఎల్సీ మొగుడి యూనిఫాం చొక్కా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కుడిచేతి మీద ఐదారు చిన్న చిల్లులు పడ్డాయి. రఫ్ఫు చేద్దామని సూదిలో దారం ఎక్కించి, ఒక చిల్లు అంచు మీద వేలు పెట్టింది. అంచు గట్టిగా తగిలింది. గోటితో గీకితే ఆవగింజంత నల్లటి పలుకు ఊడి ఒళ్ళో పడింది.

నూలుబట్ట కాలితే అంచు బూడిదై మెత్తగా రాలిపోతుంది. ఇది కాలలేదు, కరిగి గడ్డకట్టింది.

"ఈ చిల్లులు ఎట్ల పడ్డయి?" అని అడిగింది.

దావీదు చాప మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. "మా షెడ్డు బయట పైపులు గ్రైండింగ్ చేస్తుండిరి. నిప్పురవ్వలు పడ్డయి."

"చెయ్యి సూపియ్యి."

మోచేతి కింద మూడు నల్లమచ్చలు. ఒకదాని మీద పక్కు కట్టి ఉంది.

"బట్ట అంటుకుంది. గుంజితే తోలు వచ్చింది. ఏం కాదు తియ్యి," అన్నాడు దావీదు, మళ్ళీ ఫోన్ వైపు తిరిగి.

ఎల్సీ సూది పక్కన పెట్టేసింది. చొక్కా లోపలి కుట్టులోంచి రెండు దారాలు లాగి, వంటింట్లోకి పోయి, పటకారుతో పట్టుకుని స్టవ్ మంటకు చూపించింది. దారం మంట తగలకముందే ముడుచుకుపోయింది. తర్వాత భగ్గున అంటుకుని నల్లగా పొగ లేచింది. చివర మిగిలినదాన్ని చల్లారాక వేళ్ళ మధ్య నలిపింది. కొంత బూడిదైంది, కొంత గట్టి పలుకుగా మిగిలింది. పాలిస్టర్ ఎక్కువ, నూలు తక్కువ కలిపిన బట్ట.

ఈ పరీక్ష ఆమెకు సంగారెడ్డిలో కుట్టు నేర్పిన సాయమ్మ టీచరు చెప్పింది. పద్దెనిమిదేళ్ళ వయసులో ఆరునెలలు అక్కడ నేర్చుకుంది. ఇప్పుడు నలభై మూడు. బీరంగూడలో రెండు గదులు కిరాయికి తీసుకుని, ముందు గదిలో మూడు మిషన్లు వేసుకుంది. పని ఎక్కువ ఉన్నప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కుట్టిపోతారు. దావీదు బొంతపల్లి దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే కంపెనీలో తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు హెల్పరు. ఆ కంపెనీ వాళ్ళ యూనిఫాంలు కుట్టేది ఎల్సీయే. కిందటేడు రెండువందల నలభై జతలు ఆ ముందుగది నుంచే పోయాయి. కాటన్ బట్ట అని చెప్పి తెచ్చిచ్చారు. బిల్లు మీద కూడా కాటన్ అనే ఉంది.

స్టవ్ ఆపింది. కిందటేడు తాన్లు విప్పి కత్తెర పెట్టిన రోజు గుర్తొచ్చింది. కత్తెర కింద బట్ట జారింది. నూలుబట్ట అట్లా జారదు. చేతికి ఆ రోజే తెలిసింది. నోరే అడగలేదు. మడత నిలవకపోయినా ముడతలు పడని బట్ట, ఇస్త్రీ కష్టం లేని బట్ట, పని జల్దీ అయిపోతుందని లోపల సంతోషపడింది కూడా.

పాలిస్టర్ మీద ఆమెకు పగ ఏమీ లేదు. నిజానికి దానికి రుణపడి ఉందని కూడా అనిపిస్తుంది. వాళ్ళమ్మ కూలికి పోయే రోజుల్లో రెండే నూలుచీరలు ఉండేవి. వానాకాలం ఒకటి ఆరేది కాదు, రెండోది తడిసేది. తడిచీర మీదే నాట్లు వేసి, తడిచీర మీదే వండేది. సంత నుంచి మొదటిసారి పాలిస్టర్ చీర తెచ్చుకున్న రోజు, ఉతికి దండెం మీద వేసి, గంటసేపట్లో ఆరిపోతే మళ్ళీ మళ్ళీ ముట్టుకుని చూసుకుంది. ఆ చీర ఎనిమిదేళ్ళు కట్టింది, రంగు పోలేదు. ఎల్సీ పిల్లలు పెరిగింది కూడా ఆ బట్టలతోనే. అది చెడ్డ బట్ట అని ఆమె నోటికి రాదు. కానీ పొయ్యి దగ్గర కూర్చునేటప్పుడు ఆ చీర కొంగు దోపుకొమ్మని అమ్మకు తానే చెప్పేది.

"చలికాలంల మీరు డ్యూటీ దిగి చొక్కా ఇడుస్తుంటే చిటపట అంటదా?" అని గుమ్మంలో నిలబడి అడిగింది.

"అంటది. లాకర్ రూముల లైట్ తీసేస్తే మెరుస్తది గూడ. అందరం నవ్వుకుంటం."

"మీ పనికాడ సాల్వెంట్ వాసన ఉంటది గద?"

సాల్వెంట్ అంటే డ్రమ్ముల్లో వచ్చే ద్రవం. పెట్రోలులాగే మూత తీయగానే ఆవిరై గాల్లో కలుస్తుంది, నిప్పు తగిలితే అట్లాగే అంటుకుంటుంది. దావీదు పని ఆ డ్రమ్ములు ఒంపే చోటే.

అతను ఫోన్ పక్కన పెట్టాడు.

"గా మెరుపు గిట్ల పనికాడ వస్తే?" అంది ఎల్సీ.

"కాటన్ అన్నరు గద, నువ్వే కుట్టినవ్ గద," అన్నాడు దావీదు. కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఎక్కువ తగిలింది.

*

ఈ ఏటి బట్ట ఫిబ్రవరి మొదటివారంలో వచ్చింది. తెచ్చింది ఎప్పటిలాగే వెంకటేశ్వరరావు. కంపెనీలకు యూనిఫాంలు, గ్లౌజులు, బూట్లు సరఫరా చేస్తాడు. గుంటూరు నుంచి వచ్చి ఇరవై ఏళ్ళయింది, మాట మాత్రం మారలేదు. మంచివాడే. కరోనా రోజుల్లో అందరి పనులూ ఆగిపోయినప్పుడు మాస్కులు కుట్టించి ఎల్సీ ఇల్లు నిలబెట్టింది అతనే.

ఆటోలోంచి తాన్లు దింపిస్తుంటే ఎల్సీ ఒక తాను కొస పట్టుకుని అరచేతిలో నలిపి వదిలింది. ముడత పడలేదు.

"సార్, ఇది కాటన్ కాదు."

వెంకటేశ్వరరావు నవ్వాడు. "కొంచెం మిక్సింగ్ ఉంటుంది ఎల్సమ్మా. అందరూ అదే ఇస్తున్నారు. శాంపిల్ చూసి పర్చేజ్ వాళ్ళే ఓకే చేశారు. వర్కర్లు కూడా ఇదే బాగుందంటున్నారు, తొందరగా ఆరుతుందని."

"మా ఆయన చెయ్యి కాలింది సార్. బట్ట కరిగి తోలుకు అంటింది. చిన్న రవ్వకే గట్లయింది. ఆళ్ళు పనిచేసేకాడ పెద్దగ అంటుకుంటే ఆ బట్ట ఇప్పేటందుకు గూడ రాదు."

అతని మొహంలో నవ్వు పోయింది. "ఇప్పుడెలా ఉంది?"

"మానింది. నేను జెప్పేది ఆ చెయ్యి గురించి కాదు."

"చూడమ్మా, నేను బజార్లో కాటన్ అంటే కొన్నాను. వాడిచ్చింది ఇది. మీరు కుట్టనంటే ఇంకొకరు కుడతారు. దాంతో ఏమొస్తుంది?"

ఆ మాట నిజమే. "నేనైతే కుట్టను సార్," అని మాత్రం అంది. అతను దింపిన తాన్లను మళ్ళీ ఆటోలోకి ఎక్కించాడు. పోతూ పోతూ, "ఆలోచించుకోండి," అన్నాడు.

ఆ సాయంత్రం సంగతి విన్న దావీదుకు భయం పట్టుకుంది. "కాంట్రాక్టోళ్ళం. నోరు తెరిస్తే రేపు గేటుకాన్నే ఆపుతరు. నువ్వు కుట్టనన్నవ్, అయిపాయె. ఇగ ఈడికి ఇడిసిపెట్టు."

"నేను కుట్టకుంటే నువ్వు తొడగవా? ఇంకెవరో కుట్టింది తొడుగుతవ్."

అతను తలొంచుకుని అన్నం కలుపుకున్నాడు. ఆ తర్వాత పదిహేను రోజులు ఇంట్లో ఆ మాట రాలేదు. కానీ దావీదు రోజూ డ్యూటీ నుంచి వచ్చి చొక్కాను తలుపు బయటే విడిచి లోపలికి రావడం ఎల్సీ గమనించింది.

*

మార్చి మొదట్లో కంపెనీలో సేఫ్టీ వారోత్సవాలు జరుగుతాయి. ఆఖరి రోజు కార్మికుల ఇంటివాళ్ళను పిలుస్తారు, పిల్లలకు బొమ్మల పోటీ పెడతారు, టిఫిన్ పెడతారు. ఎల్సీ ఎప్పుడూ పోలేదు. ఈసారి చీర మార్చుకుని, చేతిసంచి పట్టుకుని, దావీదు వెంట కంపెనీ బస్సెక్కింది. సంచిలో ఏముందని అతను అడగలేదు. అడిగితే ఆపాల్సి వస్తుందని అడగలేదేమో.

ఉపన్యాసాలు అయ్యాక అందరినీ గ్రౌండ్‌లోకి తీసుకుపోయారు. ఇనుప ట్రేలో మంట వేసి, దాన్ని సిలిండరుతో ఎట్లా ఆర్పాలో చూపిస్తున్నారు. చూపిస్తున్నది సేఫ్టీ ఆఫీసరు శ్రీదివ్య. ముప్పై ఏళ్ళు కూడా ఉండవు, గొంతు మాత్రం గ్రౌండ్ అంతటికీ వినిపిస్తుంది. మంట ఆర్పాక, "ఇంటివాళ్ళు ఎవరైనా ఏమన్నా అడుగుతారా?" అంది.

ఎల్సీ ముందుకు వచ్చింది. "అడిగేది కాదు మేడం. సూపియ్యాలె. జెర మళ్ళ మంట పెడతరా?"

శ్రీదివ్య ఆమెను, సంచిని చూసింది. ఏమనుకుందో, మళ్ళీ మంట వేయించింది.

సంచిలోంచి రెండు బట్టపేలికలు, ఒక పటకారు, రెండు ఆలుగడ్డలు తీసింది ఎల్సీ. ఒక పేలిక అసలు నూలుబట్ట, రెండోది కిందటేటి యూనిఫాం ముక్క. రెండింటి రంగూ ఒకటే. ముందు నూలుది మంటకు పెట్టి, అంటుకోగానే ఒక ఆలుగడ్డ మీద వేసింది. కాలి బూడిదైంది. వేలితో తుడిస్తే బూడిద పోయింది, కింద తొక్క నల్లబడి ఉంది కానీ ఊడలేదు. తర్వాత యూనిఫాం ముక్క. అది మండుతూనే ముడుచుకుంది. ఆలుగడ్డ మీద వేస్తే అతుక్కుపోయింది. చల్లారాక పటకారుతో పట్టి లాగింది. తొక్క దాంతోపాటే లేచొచ్చింది.

గ్రౌండ్‌లో వెనకున్నవాళ్ళు చూడటానికి ముందుకు జరిగారు.

"కాటన్ గూడ కాలుతది. కాలదని నేను జెప్తలేను," అంది ఎల్సీ. "కానీ తోలు పట్టుకోని కూసోదు. ఈ రెండోది చలికాలంల రాపిడికి మెరుస్తది. ఈ బట్ట నేనే కుట్టిన మేడం. కుట్టేటప్పుడు అనుమానమొచ్చింది, అడగలే. అది నా తప్పు. అందుకే వచ్చిన."

వెనక నుంచి ఒకాయన లేచాడు. యాదన్న, దావీదు షిఫ్టే, వయసులో పెద్దవాడు. "వదినె, నువ్వు జెప్పింది బానే ఉంది. వానాకాలంల కాటన్ ఆరదు. ఉన్నయి రెండు జతలు. తడిబట్ట తొడుక్కోని ఎనిమిది గంటలు నిలబడేది మేము."

"నిజమే అన్నా," అంది ఎల్సీ. "దానికి నాకు ఉపాయం తెల్వదు."

శ్రీదివ్య ఆలుగడ్డను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. అతుక్కున్న ముక్కను గోటితో లాగి చూసింది. "ఇవి నా దగ్గర ఉంచుకోవచ్చా?" అని అడిగింది. ఎల్సీ తలూపింది. దావీదు ఆమె వెంట బస్సెక్కాడు. దిగేటప్పుడు సంచి తను పట్టుకున్నాడు.

*

కంపెనీ వాళ్ళు బట్టను ల్యాబులో పరీక్ష చేయించారు. కొత్త ఆర్డరుకు నూరుపాళ్ళూ కాటనే ఇవ్వాలని, ప్రతి తాన్లోంచీ ముక్క కోసి తామే చూస్తామని వెంకటేశ్వరరావుకు రాశారు. అతను తెచ్చిన తాన్లు వెనక్కి పోయాయి. కొత్త తాన్లు కొన్నాడు, కుట్టుడు మాత్రం జీడిమెట్ల వైపు ఇంకో మిషన్ల షెడ్డుకు ఇచ్చాడు. ఎల్సీ దగ్గరికి రాలేదు, ఫోన్ చేయలేదు. ముందుగదిలో రెండు మిషన్ల మీద గుడ్డ కప్పేసి, మూడో దాని మీద జాకెట్లు, ఫాల్స్ కుట్టుకుంటూ కూర్చుంది. దావీదును ఎవరూ గేటు దగ్గర ఆపలేదు. అయితే డ్రమ్ముల దగ్గర్నుంచి తీసి ప్యాకింగ్‌లో వేశారు. అది శిక్షో, మంచికే చేశారో అతనికి అర్థం కాలేదు. అడిగే ధైర్యమూ చేయలేదు.

ఏప్రిల్‌లో కొత్త యూనిఫాంలు వచ్చాయి. మొదటి వారం అందరూ మెచ్చుకున్నారు. ఎండాకాలం, చెమట పీలుస్తుంది, ఒంటికి హాయిగా ఉంది. మొదటి ఉతుకు తర్వాత మాట మారింది. ప్యాంట్లు చీలమండ పైకి పోయాయి. చేతులు మణికట్టు దాకా రావడం లేదు. దావీదు చెయ్యి పైకెత్తితే చంక దగ్గర కుట్టు పటపటమంది.

ఒక సాయంత్రం యాదన్న ఇంటికొచ్చాడు. సంచిలోంచి చొక్కా తీసి మిషన్ మీద పెట్టాడు. "సూడు వదినె, నా మనుమనికి సరిపోతది. సగం మంది పాతయే తొడుక్కోని పోతున్నరు. సేఫ్టీ మేడం ఊకుంటలేదు, లొల్లి అయితుంది. మీ ఆయన్ని జూసి అందరు గునుస్తున్నరు. పాతదే మంచిగుండె అంటున్నరు."

ఎల్సీ చొక్కా తిప్పి చూసింది. బట్ట అసలు నూలే. నేత చిక్కగా ఉంది, కుట్టు కూడా మంచిదే. కానీ కుట్ల వెంట బట్ట ముడుచుకుపోయి ఉంది. బట్టకు నీళ్ళు చూపించకుండానే కోశారు. నూలుబట్ట మొదటి తడికి లోపలికి దగ్గరపడుతుంది. కొయ్యకముందే నానబెట్టి ఆరబెడితే, అది కుంచించుకోవాల్సింది అప్పుడే కుంచించుకుంటుంది. ఇన్నేళ్ళుగా పాలిస్టర్ కోసి కోసి ఆ షెడ్డువాళ్ళు ఆ సంగతి మరిచిపోయారు.

యాదన్న పోయాక ఆ చొక్కాను మడిచి మిషన్ మీదే పెట్టింది. తన మాట నెగ్గింది, కానీ ఈ చొక్కాతో మళ్ళీ ఓడిపోయేలా ఉంది. మరునాడు పొద్దున్నే బీరంగూడ కమాన్ దగ్గరున్న వెంకటేశ్వరరావు షాపుకు తానే పోయింది.

అతను లెక్కల పుస్తకంలోంచి తలెత్తి, కుర్చీ చూపించాడు. "మీ మీద నాకు కోపంగా ఉంది ఎల్సమ్మా. నాతో చెప్పి ఉండొచ్చు. అంత మందిలో పెట్టారు."

"మీతోనే ముందు జెప్పిన సార్."

అతను లెక్కల పుస్తకం మూసేశాడు. "చెప్పారు," అన్నాడు చివరికి.

"కోపం ఉండనీయుండ్రి. తాన్లు నానబెట్టిన్రా కొయ్యకముందు?"

"నానబెట్టాలా?" అని, అన్నాక తనే నుదురు రుద్దుకున్నాడు. "మా నాన్నకు గుంటూరులో బట్టల కొట్టుండేది. చొక్కాగుడ్డ కొన్నవాళ్ళందరికీ, తడిపి కుట్టించుకోండి అని చెప్పేవాడు. నాకే గుర్తు లేకపోయింది."

ఇంకా సగం ఆర్డరు కుట్టవలసి ఉంది. ఆ తాన్లన్నీ ఎల్సీ ఇంటికి వచ్చాయి. ఇంటి యజమానిని అడిగి డాబా మీద నాలుగు ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టించింది. తాన్లు మడతలు విప్పి ఒక రాత్రంతా నానబెట్టి, పిండకుండా ఎత్తి, తాళ్ళ మీద నీడపట్టున పరిచింది. పక్క డాబాల ఆడవాళ్ళు ఏంటి ఇదంతా అని పిట్టగోడ దాకా వచ్చి అడిగారు. ఆరిన తాన్లు కొలిస్తే ప్రతి దాంట్లో గజం, గజంన్నర తగ్గింది. ఆ షెడ్డులో కుట్టి, ఉతికాక కుంచించుకుపోయినవాటి సంగతి కూడా ఎల్సీయే చూసుకుంది. అంచుల్లో మడత ఉన్నవాటిని విప్పి పొడుగు చేసింది. మడత లేనివాటిని కొలతలు రాసి విడిగా కట్టింది. పెద్ద సైజు చిన్నదైంది, చిన్న మనిషికి ఇస్తే సరిపోతుంది. శ్రీదివ్య షిఫ్టుల వారీగా పేర్లు చదివించి మార్పించింది.

ప్రతి చొక్కా జేబులో ఒక చీటీ పెట్టింది ఎల్సీ. తెలుగులో తను చెప్తే దావీదు రాశాడు. బీహార్, ఒడిశా కుర్రాళ్ళ కోసం వెనకవైపు హిందీలో శ్రీదివ్య రాసింది. చల్లనీళ్ళలో ఉతకండి. బ్లీచింగ్ వేయకండి, నూలు బలం పోతుంది. గంజి పెట్టకండి. లోపల నైలాన్ బనీన్లు వేసుకుంటే పైన కాటన్ తొడిగి లాభం లేదు. చిల్లు పడితే రఫ్ఫు చేయించండి, పాలిస్టర్ అతుకు వేయించకండి.

జూన్ మూడోవారం వానలు పట్టుకున్నాయి. యాదన్న చెప్పినట్టే అయింది. పొద్దున ఆరు గంటల షిఫ్టుకు దావీదు చొక్కా కాలరు తడిగానే ఉండేది. ఎల్సీ ఇస్త్రీపెట్టె వేడిచేసి, ఆవిరి లేస్తుంటే కాలరు, చేతులు, జేబు ఆరబెట్టి ఇచ్చేది. ఇస్త్రీపెట్టె లేని కుర్రాళ్ళు తడివే వేసుకుని పోతున్నారని దావీదు చెప్పాడు. ఇద్దరికి జ్వరం కూడా వచ్చిందట.

జూలైలో ఒకరోజు దావీదు మామూలు కంటే తొందరగా బూట్లు విప్పుకుని లోపలికి వచ్చాడు. "యాదన్న సేఫ్టీ కమిటీ మీటింగుల అడిగిండు. బాయిలర్ గోడ పక్కన ఖాళీ రూము ఉంది గద, అది బట్టలకిచ్చిన్రు. తాళ్ళు కట్టిన్రు, ఫ్యాన్లు పెట్టిన్రు. డ్యూటీ దిగంగనే ఉతికి ఆడ్నే ఏసి పోతున్నం. తెల్లారేసరికి అప్పడం లెక్క ఆరుతున్నయి."

ఎల్సీ మిషన్ ఆపింది. "ఎన్ని పడతయి?"

"నూరు పడతయి. అన్ని ఒక్క రంగే ఆయె, ఎవలది ఎవలదో తెల్వక పరేషాన్ అయితున్నం."

"లోపలి పట్టీ మీద పేరు కుట్టిస్త. రేపటిసంది నాలుగు నాలుగు తీస్కరా." ఆమె దారం తెంపి, ఇంకేదో గుర్తొచ్చినట్టు తలెత్తింది. "తిరగేసి ఆరేస్తున్నరా?"

"లేదు. ఎట్లుంటే గట్లనే."

"తిరగేయమని చెప్పు. బాయిలర్ వేడికి పైరంగు తొందరగ పోతది."

దావీదు సరేనని తలూపి, కాళ్ళు కడుక్కోవడానికి బయటికి పోయాడు.